అద్దె సర్వర్‌లో ఇంటి ఫోటోలు: ఎనిమిది నెలలు ఇమ్మిచ్ వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, డబ్బులు మిగులుతాయని ఇంటి ఫోటోలు సొంతంగా ఒక సర్వర్‌లో పెట్టుకుందామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. నేను చూసినప్పుడు నెలకు 650 పెడితే గూగుల్ వాడు 2 టీబీ ఇస్తున్నాడు, నాకు అన్నీ కలిపి నెలకు 2,200 చిల్లర పడుతోంది, పైగా నా శనివారాలు అదనం. అయినా ఎనిమిది నెలల నుంచి నడుపుతూనే ఉన్నా, ఆపే ఆలోచన కూడా లేదు. ఎందుకో, ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో రాస్తా. ఇమ్మిచ్‌కి నా వరకు 5 కి నాలుగున్నర స్టార్లు, అద్దెకి తీసుకున్న క్లౌడ్ సర్వర్‌కి 3, నాకు నేను ఇచ్చుకునేది 2, ఎందుకంటే జరిగిన తప్పుల్లో సగం పైగా నావే.

తెలియనివాళ్ళకి, ఇమ్మిచ్ అంటే గూగుల్ ఫోటోస్ లాంటిదే, కాకపోతే మన సర్వర్‌లో మనం పెట్టుకునేది. ఫోన్లో యాప్ ఉంటది, తీసిన ఫోటో తీసినట్టు సర్వర్‌కి ఎక్కుతది, మొహాలు గుర్తుపడతది, మ్యాప్ మీద చూపిస్తది, వెతికితే దొరుకుతది. 2022లో అలెక్స్ ట్రాన్ అనే ఒక డెవలపర్ మొదలెట్టాడు, 2024లో ఫ్యూటో అనే సంస్థ కిందికి వెళ్ళింది, ఇప్పుడు దాని మీద ఫుల్ టైమ్ పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు. కావాలంటే లైసెన్స్ కొనుక్కోవచ్చు, సర్వర్ మొత్తానికి వంద డాలర్లు, కొనకపోయినా ఒక్క ఫీచర్ కూడా ఆగదు. నేను ఆరో నెలలో కొన్నా, మొహమాటం కొద్దీ.

సంగతి ఎక్కడ మొదలైందంటే, పోయిన ఏడాది ఆగస్టులో అమ్మ సత్తుపల్లి నుంచి ఫోన్ చేసింది, "ఒరేయ్, వరలక్ష్మీ వ్రతం ఫోటో తీద్దామంటే జాగా లేదంటంది రా ఈ ఫోను" అని. చూస్తే గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది, ఆ 15 లోనే జీమెయిల్ కూడా కదా, దాంతో బ్యాంకు మెయిళ్ళు రావడం కూడా ఆగిపోయాయి, ఆమెకి ఆ సంగతే తెలీదు. 2021 జూన్ 1 దాకా ఫోటోలకి లెక్క ఉండేది కాదు, ఎన్నయినా పెట్టుకోమన్నారు, మనం కూడా ఉదారంగా గుడ్ మార్నింగ్ బొమ్మల దగ్గర్నుంచి గ్యాస్ బిల్లు దాకా అన్నీ ఎక్కించేశాం. అమ్మవి ఒక అకౌంట్‌లో, నావి ఇంకో దాంట్లో, డాలస్‌లో ఉండే అక్కా బావలవి ఐఫోన్లలో, నాన్న పాత ఫోన్లోవి ఒక హార్డ్ డిస్కులో, అదేమో బీరువాలో పట్టుచీరల కింద. వీటన్నిటినీ ఒక్క చోటికి తేవాలనేది నా కోరిక, స్టోరేజ్ సమస్యకి చిన్న ప్లాన్ కొంటే సరిపోయేది, ఒప్పుకుంటా.

ఇంట్లోనే పాత ల్యాప్‌టాప్ మీద పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేనూ అదే అనుకున్నా. మియాపూర్‌లో నేనుండేది అద్దె ఫ్లాట్, నెట్ వాడిచ్చే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఇంటి నంబర్ లాంటిది) మనది కాదు, ఒకే పబ్లిక్ ఐపీ వెనక వందల ఇళ్ళుంటాయి, దాన్ని సీజీనాట్ అంటారు, బయట నుంచి మనింటికి దారే ఉండదు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (మన పరికరాల మధ్య మనం వేసుకునే సొంత దారి లాంటిది) పెడితే దారి దొరుకుతది, నిజమే, నేను నా వరకు అదే వాడతా కూడా. కానీ అమ్మ ఫోన్లో వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, పైన ఆ తాళంచెవి గుర్తు చూసి ఇదేదో వైరస్ అని ఆమె ఆఫ్ చేసేస్తది, పక్కింటి పిల్లాడితో చెప్పి తీయించేస్తది కూడా. కరెంటు పోవడాలు, ఇల్లు మారడాలు వేరే. సో అద్దె సర్వర్.

సర్వర్ ఎక్కడ తీసుకోవాలన్న దానికి నేను పడ్డ లెక్క ఇది. ముంబై, బెంగళూరు, చెన్నై, మన హైదరాబాద్ అన్ని చోట్లా క్లౌడ్ రీజియన్లు, అంటే క్లౌడ్ కంపెనీల డేటా సెంటర్లు, వచ్చేశాయి, అమెజాన్ వాడు 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో కూడా తెరిచాడు. కానీ పెద్ద క్లౌడ్ కంపెనీల్లో సర్వర్ రేటు ఒకటి, డిస్కు రేటు ఒకటి, బయటికి పోయే ప్రతి జీబీకి మీటరు ఇంకొకటి, ఫోటోలంటేనే రోజూ బయటికి పోయేవి కదా, నెలాఖరుకి ఎంతొస్తదో ముందు చెప్పలేం. యూరప్‌లో ఉండే చిన్న కంపెనీ ఒకటి నెలకు 20 టీబీ ట్రాఫిక్ బిల్లులోనే కలిపిస్తోంది, 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, 160 జీబీ డిస్కు, ఇక్కడి రేట్లలో మూడో వంతు. దూరం మాటేంటంటే, హైదరాబాద్ నుంచి పింగ్ కొడితే (సిగ్నల్ వెళ్ళి తిరిగొచ్చే టైమ్ చూస్తే) నూట యాభై మిల్లీ సెకన్లు అటూ ఇటూ వస్తోంది, ముంబైకైతే ఇరవై. స్క్రోల్ చేసినప్పుడు బొమ్మలు ఒక్క క్షణం మసగ్గా ఉండి తర్వాత తేటపడతాయి, అంతే. డాలస్ వాళ్ళకీ సత్తుపల్లికీ మధ్యలో ఉంది కదా అని సర్దిచెప్పుకున్నా.

దీనికంటే ముందు ఇంకో హోస్ట్ (సర్వర్ అద్దెకిచ్చే కంపెనీ) దగ్గర ప్రయత్నించా. పేర్లు రాయను, రెండింటివీ. కార్డు పెట్టా, ఓటీపీ కొట్టా, డబ్బులు కట్టయ్యాయి, పది నిమిషాల్లో అకౌంట్ లాక్. "మీ వివరాలు మా నిబంధనలకు సరిపోలేదు" అని ఒక మెయిలు, ఏ వివరాలో చెప్పరు, జవాబిస్తే మళ్ళీ అదే మెయిలు. డబ్బులు పదకొండు రోజులకి వెనక్కొచ్చాయి, విదేశీ చెల్లింపుకి కార్డు వాడు వేసే మార్కప్ మాత్రం రాలేదు. రెండోవాడు పాస్‌పోర్ట్ స్కాన్ అడిగాడు, ఇచ్చా, గంటలో ఓకే చేశాడు. మన దేశంలో సర్వర్ తీసుకున్నా ఈ గోల తప్పదు లెండి, 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి అద్దె సర్వర్లు (వీపీఎస్) ఇచ్చేవాళ్ళు కస్టమర్ పేరూ అడ్రసూ సరిచూసుకుని ఐదేళ్ళు దాచాలి. ఆటో డెబిట్‌ని నమ్ముకోవద్దు అని కూడా చెప్తా, విదేశీ బిల్లు కదా, మ్యాండేట్ (ముందస్తు అనుమతి) సరిగా లేకపోతే కార్డు వాడు చప్పుడు లేకుండా తిరగ్గొట్టేస్తాడు, మెయిల్ చూసుకోకపోతే సర్వర్ ఆగిపోతది. క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకుని చేత్తో కడుతున్నా.

సర్వర్ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) ఎంచుకున్నా, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి. మొదటిసారి చేసేవాళ్ళు ఇక్కడ ఒక్క పని మాత్రం వాయిదా వేయొద్దు. నేను మొదట పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయ్యా, కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి ఫైల్) సంగతి తర్వాత చూద్దాంలే అని టీ పెట్టుకోవడానికి వెళ్ళా. తిరిగొచ్చి లాగ్ ఫైల్ తెరిస్తే 340 సార్లు ఎవరెవరో తలుపు తట్టి పోయారు. రూట్, అడ్మిన్, ఉబుంటు, పోస్ట్‌గ్రెస్, టెస్ట్, ఇలా పేరు మార్చి పేరు మార్చి పాస్‌వర్డ్ కొట్టి చూస్తున్నారు, అప్పటికి సర్వర్ వయసు ఇరవై నిమిషాలు. మన మీద కక్ష ఏం లేదు, ఇంటర్నెట్‌లో ప్రతి ఐపీకీ ఇదే, బాట్లు వరసపెట్టి వెళ్తుంటాయి. టీ పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో ఈడీ25519 రకం కీ చేసుకుని, దాన్ని సర్వర్‌కి పంపి, కొత్త విండోలో కీతో లాగిన్ అవుతోందో లేదో చూసుకుని, అప్పుడు పాస్‌వర్డ్ లాగిన్ మూసేశా. ఆ కొత్త విండోలో చూసుకోవడం మర్చిపోయి పాత విండో కూడా మూసేస్తే ఇక అంతే సంగతులు, మనిల్లే మనకి తాళం.

ఇమ్మిచ్ పెట్టడం నిజానికి అరగంట పని. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి, వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో రెండు ఫైళ్ళు ఇస్తారు, ఒక దాంట్లో ఫోటోలు ఏ ఫోల్డర్‌లో ఉండాలి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఏంటి అని రాసుకోవాలి, తర్వాత డాకర్ కంపోజ్ అప్ అని కొడితే నాలుగు కంటైనర్లు లేస్తాయి. ఒకటి అసలు సర్వర్, ఒకటి మొహాలూ సెర్చూ చూసే మెషీన్ లెర్నింగ్, ఒకటి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇంకోటి రెడిస్ లాంటిది, చేయాల్సిన పనుల వరస గుర్తుపెట్టుకునేది. డాక్యుమెంటేషన్ చాలా బాగుంది, నేను చూసిన ఓపెన్ సోర్స్ వాటిల్లో ఇంత తిన్నగా రాసింది తక్కువ.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది, ఇది చాలామందికి తెలీదు. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ (బయటి రాకపోకల్ని అడ్డుకునేది) పెట్టా, 22, 80, 443 పోర్టులు (సర్వర్‌కి తలుపుల్లాంటివి) తప్ప అన్నీ మూసేశా, స్టేటస్ కొడితే పచ్చగా అంతా బాగుంది. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద ఐపీ అడ్రస్ పక్కన 2283 అని కొట్టా, ఇమ్మిచ్ వాడే పోర్టు అది. మూసేసి ఉండాలి కదా? దర్జాగా పేజీ తెరుచుకుని "అడ్మిన్ అకౌంట్ చేసుకోండి" అంటోంది. ఇమ్మిచ్‌లో మొదట రిజిస్టర్ చేసుకున్నవాడే అడ్మిన్! నేనింకా చేసుకోలేదు, అంటే ఆ నిమిషంలో దారినపోయే ఎవడైనా నా సర్వర్‌కి ఓనర్ అయిపోవచ్చు. ఒళ్ళు జలదరించింది. సంగతేంటంటే డాకర్ పోర్టు తెరిచేటప్పుడు యూఎఫ్‌డబ్ల్యూని అడగదు, నేరుగా లైనక్స్ అసలు ఫైర్‌వాల్ రూల్స్ ఉండే ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తనే రాసుకుంటది, ముందు గుమ్మంలో వాచ్‌మన్‌ని పెట్టాం, డాకర్ వెనక వైపు గోడకి కన్నం పెట్టింది అన్నమాట. మందు చిన్నదే, కంపోజ్ ఫైల్లో పోర్టు రాసే చోట ముందు 127.0.0.1 అని చేర్చాలి, అప్పుడది సర్వర్ లోపల్నుంచి తప్ప కనపడదు. హోస్ట్ వాళ్ళ డాష్‌బోర్డ్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటది, మెషీన్‌కి బయట ఉండేది, అది కూడా ఆన్ చేసుకోండి, డాకర్ దాన్ని ముట్టుకోలేదు.

డొమైన్ (ఐపీ నంబర్ బదులు కొట్టే పేరు) సంగతి తేలిక. ఏడాదికి ఆరేడొందల్లో డాట్ ఇన్ పేరు ఒకటి కొన్నా, ఆ పేరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే 'A' రికార్డ్‌లో సర్వర్ ఐపీ పెట్టా. ఇమ్మిచ్‌కి ముందు వైపు క్యాడీ అనే వెబ్ సర్వర్ పెట్టా, అందులో మూడు లైన్లు రాస్తే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సేవ నుంచి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటది, 90 రోజులకి అయిపోయేలోపు అదే మార్చుకుంటది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా దాని మొహం చూడలేదు.

ఇక ఫోటోలు ఎక్కించడం. గూగుల్ టేకౌట్ (మన డేటా మొత్తం దించుకునే సదుపాయం) అడిగితే జిప్‌లు కట్టి లింకులు పంపిస్తది, ఆ లింకులు వారమే ఉంటాయి, దించుకోవడానికి మీ నెట్ ఎంత టైమ్ తీసుకుంటదో ముందే చూసుకోండి. జిప్ విప్పి చూస్తే ప్రతి ఫోటో పక్కన ఒక జేసన్ ఫైల్ ఉంటది, తేదీ, ఊరు లాంటివి అందులో ఉంటాయి. మామూలుగా కెమెరాతో తీసిన ఫోటోలో తేదీ దాని లోపలే ఉంటది కానీ వాట్సాప్‌లో వచ్చినవాటికి ఉండదు, మా అమ్మ ఫోటోల్లో ముప్పావు భాగం వాట్సాప్‌వే, జిప్ విప్పేసి అట్లాగే ఎక్కిస్తే అక్క కొడుకు చిన్నోడి అన్నప్రాసన, వాడి మొదటి పుట్టినరోజు, పక్కవీధి పెద్దమ్మ షష్టిపూర్తి అన్నీ 2025 ఆగస్టు 23వ తారీఖునే జరిగినట్టు చూపిస్తది. నేనొకసారి అట్లాగే చేశా, మొత్తం తుడిచేసి మళ్ళీ చేయాల్సొచ్చింది. ఇమ్మిచ్ గో అని వేరేవాళ్ళు రాసిన చిన్న టూల్ ఉంది, అది జిప్‌ని విప్పకుండానే చదివి జేసన్‌ని ఫోటోతో కలిపి పంపిస్తది. 41 వేల ఫోటోలూ వీడియోలూ, 212 జీబీ, రెండు రాత్రులూ ఒక పగలూ పట్టింది. మధ్యలో మా ఆవిడ ల్యాప్‌టాప్ మూత మూసేసి "వేడెక్కిపోయింది, నేనే ఆపా" అంది. మళ్ళీ మొదలెడితే ఎక్కినవాటిని వదిలేసి మిగతావే పంపింది, ఆ టూల్ రాసినవాడికి దండం.

212 జీబీ అన్నానా, సర్వర్ డిస్కు 160. అదనంగా 300 జీబీ వాల్యూమ్ ఒకటి అద్దెకి తీసుకుని తగిలించా, మొత్తం ఖర్చులో సగం దానిదే. అమెజాన్ ఎస్3 లాంటి చవక స్టోరేజ్ మీద పెట్టుకుందామంటే ఇమ్మిచ్ నేరుగా దాన్ని వాడలేదు, మామూలు డిస్కే కావాలి. ఇమ్మిచ్‌కి నేను కోసిన అర స్టార్ దీనికే. ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి ఇది సమస్యే కాదు, నాలుగు టీబీ డిస్కు కొనేస్తారు, క్లౌడ్‌లో పెట్టేవాళ్ళకి మాత్రం మొత్తం ఖర్చు ఇక్కడే.

ఎక్కించాక ఇమ్మిచ్ ఒక్కో ఫోటోని చదవడం మొదలెట్టింది, థంబ్‌నెయిల్స్, మొహాలు, సెర్చ్, వీడియో మార్పిడి అన్నీ ఒకేసారి. గంటలో సర్వర్ చచ్చింది. 8 జీబీ ర్యామ్ చాలక లైనక్స్ ఏదో ఒకదాన్ని చంపాలని చూసి సరిగ్గా డేటాబేస్‌నే చంపింది, అదే లేచింది గానీ మళ్ళీ పడింది. 4 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టి, అడ్మిన్ సెట్టింగ్స్‌లో ఒక్కో పనికీ ఒకేసారి ఎన్ని అనే చోట 1 పెట్టా, అప్పుడు బుద్ధిగా నడిచింది. కానీ నత్తనడక. షేర్డ్ కోర్లు కదా, పక్కవాళ్ళు కూడా వాడుతుంటారు, సాయంత్రాలు మరీ నెమ్మది. అప్పుడు తెలిసింది ఏంటంటే మెషీన్ లెర్నింగ్ కంటైనర్ ఒక్కటే వేరే మెషీన్ మీద నడపొచ్చు, అడ్రస్ ఇస్తే చాలు. ఇంట్లో గేమింగ్ ల్యాప్‌టాప్‌లో దాన్ని లేపి, టెయిల్‌స్కేల్ మీదుగా అడ్రస్ ఇచ్చా, ఒక్క రాత్రిలో అయిపోయింది. పెద్ద లైబ్రరీ ఉన్నవాళ్ళు మొదటిసారికి ఇదే చేయండి.

ఇక వాడకం. అమ్మ ఫోన్లో యాప్ వేసి, లాగిన్ చేసి, బ్యాకప్ ఆన్ చేసి, బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఈ యాప్‌ని ఆపొద్దు అని పెట్టి వచ్చా, ఆ చివరిది చేయకపోతే చవక ఫోన్లు వెనకాల నడిచే యాప్‌ని నిద్రపుచ్చేస్తాయి. ఆమెకి తేడా తెలీలేదు, అదే పెద్ద మెప్పు. వారం తర్వాత ఫోన్ చేసి "ఇందులో అక్కోళ్ళ ఫోటోలు కూడా కనపడుతున్నయ్ రా, నేనేం నొక్కకుండానే" అంది. పార్ట్‌నర్ షేరింగ్ అని ఉంటది, ఒకళ్ళవి ఇంకొకళ్ళ టైమ్‌లైన్‌లో కలిసిపోతాయి. పొద్దున లేచేసరికి డాలస్‌లో చిన్నోడు సాకర్ ఆడిన ఫోటోలు అమ్మ ఫోన్లో ఉంటాయి, వాట్సాప్‌లో నలిగినవి కాదు, తీసినవి తీసినట్టు. బావది మాత్రం ఐఫోన్, యాప్ వెనకాల ఎప్పుడు నడవాలో ఆపిలే నిర్ణయిస్తది కాబట్టి రెండు మూడు రోజులకోసారి యాప్ తెరవాల్సొస్తది. "ఏంట్రా బామ్మర్దీ, మీ సర్వర్‌కి నేను హాజరు వేయించుకోవాలా రోజూ" అని ఒకటే ఎగతాళి.

సెర్చ్ గురించి చెప్పకపోతే తప్పు. మొదట ఉండే మోడల్‌కి ఇంగ్లీషే వచ్చు. సెట్టింగ్స్‌లో బహుభాషా మోడల్ పెట్టుకోవచ్చు, ర్యామ్ ఎక్కువ తింటది, ఫోటోలన్నీ మళ్ళీ మొదట్నుంచి చదివించాలి, కానీ తెలుగులో టైప్ చేస్తే వెతుకుతది. "పెళ్ళి పందిరి" అని కొడితే 2009 అక్క పెళ్ళి వచ్చింది, నిజంగా నోరెళ్ళబెట్టా. "వర్షంలో బస్సు" కూడా వచ్చింది. "ముగ్గు" అంటే ముగ్గులతో పాటు రెండు తివాచీలూ వచ్చాయి, "గోంగూర" అంటే ఆకుపచ్చగా ఉన్నదల్లా ఇచ్చింది, మా టెర్రస్ మీది మనీ ప్లాంట్‌తో సహా. ఇదంతా మన సర్వర్ లోపలే జరుగుతోంది, ఫోటో బయటికి పోవట్లేదు, అది గుర్తుంచుకోవాలి.

మొహాలు గుర్తుపట్టడంలో గూగుల్ కంటే కొంచెం వెనకే. బీరువా హార్డ్ డిస్కులోవీ, ఆల్బమ్‌లోంచి స్కాన్ చేసినవీ ఎక్కించాక చూస్తే ఒకే మనిషి మూడు గుంపులుగా ఉన్నాడు, చేత్తో కలపాల్సొచ్చింది. ఒక గుంపు మాత్రం కలపకుండా వదిలేశా. నాన్న డిగ్రీ చదివేటప్పుడు స్టూడియోలో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోని తీసుకెళ్ళి నా కాలేజీ ఫోటోల్లో పెట్టింది, పైన నా పేరు. అమ్మకి చూపిస్తే చాలాసేపు చూసి "దానికేం తెలుసు లేరా" అంది, మళ్ళీ తీసుకుని చూసింది.

పేచీలు కూడా చెప్పాలి. నేను మొదలెట్టినప్పుడు ఇంకా స్టేబుల్ కాదు, దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు అని వాళ్ళే పైన బ్యానర్ పెట్టేవాళ్ళు, 2025 అక్టోబర్‌లో 2.0 వచ్చాక ఆ భయం తగ్గింది. అయినా ప్లే స్టోర్ యాప్‌ని తనంతట తను అప్‌డేట్ చేసేస్తది, సర్వర్‌ని నేను చేయాలి, నేను బద్ధకిస్తే వెర్షన్లు పొసగక యాప్ అలుగుతది, అప్పుడు అమ్మ నుంచి ఫోన్. అప్‌డేట్ చేసే ముందు రిలీజ్ నోట్స్ చదవండి, చదవకుండా చేసి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం మానేశా.

అన్నిటికంటే గుర్తుండిపోయేది డిసెంబర్‌లో జరిగింది. హోస్ట్ వాళ్ళు మెయింటెనెన్స్ అని సర్వర్‌ని రీబూట్ చేశారు, మెయిల్ పంపారు, నేను చూడలేదు. పొద్దున్నే యాప్ రావట్లేదు. లాగిన్ అయి చూస్తే ఇమ్మిచ్ లేవనంటోంది, లేచి పడిపోతోంది, లేచి పడిపోతోంది, లాగ్‌లో ఏదో డాట్ ఇమ్మిచ్ అనే ఫైల్ కనపడట్లేదని ఏడుపు. గంటసేపు దాన్ని తిట్టుకున్నా. ఆ తర్వాత వెలిగింది. అదనపు డిస్కుని చేత్తో మౌంట్ చేశా (సర్వర్‌కి తగిలించా) గానీ ఎఫ్‌స్టాబ్‌లో (లేచినప్పుడల్లా ఏ డిస్కులు తగిలించాలో రాసే ఫైల్) రాయడం మర్చిపోయా, రీబూట్ అయ్యాక డిస్కు తగల్లేదు, ఆ చోట ఖాళీ ఫోల్డర్ ఉంది. ఇమ్మిచ్ ప్రతి ఫోల్డర్‌లో ఒక గుర్తు ఫైల్ పెట్టుకుంటది, అది లేకపోతే ఇది నా ఇల్లు కాదు అని లోపలికి అడుగు పెట్టదు. అట్లా మొండికేయకపోతే నలుగురి ఫోన్ల నుంచి వచ్చే కొత్త ఫోటోలన్నీ ఆ ఖాళీ ఫోల్డర్‌లో, చిన్న డిస్కులో పడి, డేటాబేస్ ఒక మాట, డిస్కు ఒక మాట అయ్యేది. ఎఫ్‌స్టాబ్‌లో ఒక్క లైన్ రాసి మళ్ళీ రీబూట్ చేశా, లేచింది. ఆ చిన్న ఫైల్ ఆలోచన ఎవరిదో గానీ లైసెన్స్ కొన్నది దాని పుణ్యానే.

బ్యాకప్ లేకుండా ఈ పని చేయొద్దు, చేసేవాళ్ళుంటే గూగుల్‌లో ఒరిజినల్స్ తీసేయొద్దు. ఇమ్మిచ్ రోజూ రాత్రి 2 గంటలకి డేటాబేస్‌ని బ్యాకప్ తీసి పద్నాలుగు కాపీలు దాస్తది, అందులో ఫోటోలు ఉండవు, చాలామంది ఉన్నాయనుకుంటారు. పైగా ఆ కాపీలు కూడా అదే డిస్కులో. ఆ 2 గంటలు కూడా సర్వర్ గడియారం లెక్క, నాది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, అంటే మనకి పొద్దున ఏడున్నర. డేటా సెంటర్ కదా ఏం కాదులే అనుకుంటే, 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే ఫ్రెంచ్ క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది, బ్యాకప్ కూడా ఆ ప్రాంగణంలోనే పెట్టుకున్నవాళ్ళల్లో కొందరికి ఏమీ మిగల్లేదు. నేను రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో రోజూ వేరే దేశంలో ఉన్న ఇంకో స్టోరేజ్‌కి పంపుతున్నా, ఎన్‌క్రిప్ట్ అయి పోతది, నెలకు నాలుగొందలు. రెండు నెలలకోసారి ఇంట్లో హార్డ్ డిస్కుకి కూడా. మార్చిలో ఒకసారి ఉత్తుత్తి రీస్టోర్ చేసి చూసుకున్నా, ల్యాప్‌టాప్‌లో మొత్తం మళ్ళీ లేచింది, రెస్టిక్ పాస్‌వర్డ్ మాత్రం పది నిమిషాలు వెతికా. ఇప్పుడది కాగితం మీద రాసి, అవును, బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

అద్దె సర్వర్‌కి 3 స్టార్లే ఎందుకంటే, మెషీన్ బాగుంది, ట్రాఫిక్ గురించి ఆలోచించే పనిలేదు, కానీ సపోర్ట్ మెయిల్‌కి మనిషి పలకడానికి రెండ్రోజులు, డిస్కు రేటు ఎక్కువ, పైన 18 శాతం జీఎస్టీ, ఆ పైన కార్డు వాడి మార్కప్. సర్వర్‌కి 700, డిస్కుకి 1,100, బ్యాకప్‌కి 400, ఇది నా నెల లెక్క, పన్నులన్నీ కలిపే. లైనక్స్ కమాండ్ అంటే భయపడేవాళ్ళకి, ఇంట్లో ఇంకెవరూ ఫోటోలు పంచుకోనివాళ్ళకి ఇది వద్దు. కుటుంబం రెండు మూడు దేశాల్లో ఉండి, అందరి ఫోటోలూ ఒక్క చోట కావాలి, పాతవి కూడా ఎక్కించాలి అనుకునేవాళ్ళకి, శనివారం ఖాళీగా ఉండేవాళ్ళకి అయితే ఇమ్మిచ్ కళ్ళు మూసుకుని పెట్టుకోండి, సర్వర్ విషయంలో మాత్రం కళ్ళు తెరిచి.

నిన్న చూస్తే వాల్యూమ్ 81 శాతం నిండింది. చిన్నోడికి బావ కొత్తగా 4కే కెమెరా కొనిచ్చాడంట. ఇంకో వంద జీబీ పెంచమంటారా, లేక నేనే ఫోన్ చేసి 1080లో తీయమని చెప్పనా, చెప్తే మళ్ళీ హాజరు పట్టీ అంటాడు.